అయ్యవారు చుట్టిన కండెలు

సోమవారం బడికి బయలుదేరుతుంటే అమ్మ ఎవరిచేతో రాయించిన కార్డు అందింది. నాకు అక్షరాలు నేర్పిన అయ్యవారు ఇక లేరు. ఆ రోజు హాజరు వేస్తూ ఒకే పిల్ల పేరు రెండుసార్లు పిలిచాను. ఆయన నాకేం చేశారో మీకు చెప్పాలి.

కడప దగ్గర మాది మగ్గాల వీధి. మా ఇంట్లో నాకంటే ముందు బడి మెట్టెక్కినవాళ్లు లేరు. నాన్న నేస్తూ మగ్గంలో అటూ ఇటూ విసిరే నాడెలో పెట్టడానికి, కండెలనే చిన్న గొట్టాలకు నేను రాట్నం మీద నూలు చుట్టేదాన్ని. ఒంటిమిట్ట తిరునాళ్లు దగ్గరపడితే చీరలకు గిరాకీ. ఆ రోజుల్లో మా వీధి పిల్లలెవరూ బడిలో కనిపించేవారు కాదు. తిరిగి వెళ్లేసరికి గుణింతాలు మరిచిపోయేదాన్ని. నూలు కోసిన వేలితో బలపం పట్టలేకపోయేదాన్ని. నాకు చదువు రాదనే అనుకున్నాను.

నాకు తొమ్మిదేళ్లప్పుడు నాన్న నన్ను పూర్తిగా మాన్పించాడు. మూడో రోజు అయ్యవారు మా గుమ్మంలో నిలబడ్డారు.

"పిల్ల బడికొస్తే కండెలెవరు చుడ్తారు అయ్యోరా? మీరు చుడ్తారా?" అన్నాడు నాన్న.

"చుడ్తాలేప్పా. యాడ కూచోవాల?"

మర్నాడు పొద్దున్నే నిజంగానే వచ్చి రాట్నం ముందు కూర్చున్నారు. ఆయన చుట్టిన కండె వదులు. నాడె విసరగానే నూలంతా జారి చిక్కుపడింది.

"ఇది కండెనా, కాకి గూడా? చిన్నపిల్ల చుట్టేది మీకు రాకపాయె!" అని నాన్న నవ్వాడు.

"ఆ పిల్ల మూడేండ్లుగా చుడ్తాండాది కదప్పా. ఆ మూడేండ్లూ సరిగా బడికొచ్చింటే ఈపాటికి నీకు జాబులు రాసిపెట్టేది," అన్నారు అయ్యవారు, చిక్కు విప్పుకుంటూనే.

నాన్న నవ్వు ఆగిపోయింది.

వారం రోజులు బడి గంటకు ముందే వచ్చి కండెలు చుట్టి, నన్ను వెంట తీసుకెళ్లారు. కండెలు గట్టిపడ్డాయి. ఆయన చూపుడువేలికీ నా వేలికున్నట్టే ఎర్రగీత పడింది. ఎనిమిదో రోజు ఆయన కంటే ముందే అమ్మ రాట్నం దగ్గర కూర్చుంది.

"వీధంతా నవ్వుతాండారు అయ్యోరా. నేనే చుట్టుకుంటా, పిల్లను తీస్కపోండి."

"నవ్వనీలేమ్మా. నవ్వాల్సిన ఇండ్లు ఇంకా శానా ఉండాయి," అంటూ ఆయన పక్కింటి గుమ్మమెక్కారు.

ఇప్పుడు నేను ఇంకో నేత ఊళ్లో పంతులమ్మను. మూడో తరగతి పిల్ల ఒకతి ఇంట్లో కండెలు చుడుతూ పది రోజులుగా బడికి రావడం లేదు. కార్డు అందిన మర్నాడు పొద్దున్నే వాళ్లింటికి వెళ్లాను.

"ఏం పంతులమ్మా, కండెలు చుట్టేకి వచ్చినారా?" అన్నాడు తండ్రి ఎగతాళిగా.

"అవునప్పా," అని కొంగు దోపుకొని కూర్చున్నాను.

చేతులు పని మరిచిపోలేదు. అతను నా కండెను నాడెలో పెట్టి విసిరాడు. నూలు జారలేదు. మళ్లీ విసిరాడు. పలక పట్టుకొని గుమ్మంలో నిలబడ్డ కూతురి వైపు చూసి, "పో," అన్నాడు.

మగ్గం చప్పుడు మధ్య ఆ పిల్ల పరుగెత్తే అడుగుల చప్పుడు వీధి చివరిదాకా వినిపించింది.