కృపావరం రాసిన రిపోర్టు

కృపావరం చీరాలలో పద్దెనిమిదేళ్ళు ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పాడు. భార్య మణికి నర్సు ఉద్యోగం వచ్చి అమెరికాలోని క్యారీ ఊరు చేరాక ఆయన డిగ్రీ ఎందుకూ కొరగాకుండా పోయింది. నలభై ఆరేళ్ళ వయసులో కమ్యూనిటీ కాలేజీలో కుర్రాళ్ళ పక్కన కూర్చుని నెట్‌వర్కింగ్ నేర్చుకున్నాడు. ఆఫీసులకి నెట్‌వర్క్ చూసిపెట్టే ఓ చిన్న కంపెనీలో చేరి, తొమ్మిదేళ్ళు ఎవరిచేతా ఒక్క మాట పడకుండా పనిచేశాడు.

కాలేబ్‌ని ఆ కంపెనీకి తెచ్చింది ఆయనే. తెలుగు చర్చిలో పరిచయం. ఉద్యోగం పోయి, చంటిపిల్లతో నానా తిప్పలు పడుతున్నవాణ్ణి ఇంటికి పిలిచి, డైనింగ్ టేబుల్ మీద కంప్యూటర్ల కేబుళ్ళన్నీ కలిపే పాత నెట్‌వర్క్ స్విచ్ ఒకటి పెట్టి నాలుగు నెలలు పని నేర్పాడు. కాలేబ్ చురుకైనవాడు, మాటకారి. నాలుగేళ్ళు తిరిగేసరికి కృపావరానికే పై అధికారి అయ్యాడు. ఆయన దానికి చిన్నబుచ్చుకోలేదు సరికదా, చర్చిలో నలుగురికీ గొప్పగా చెప్పుకున్నాడు.

మొన్న మార్చిలో ఓ సోమవారం పొద్దున్నే, వాళ్ళు చూసే ఒక మందుల పరిశోధన సంస్థ నుంచి ఫోనొచ్చింది. మూడో అంతస్తులో ఎవరికీ వైఫై పనిచేయడం లేదట. కృపావరం వెళ్ళి చూస్తే, లాప్‌టాప్‌లన్నీ కనెక్ట్ అయినట్టే చూపిస్తున్నాయి, ఏ పేజీ తెరుచుకోవడం లేదు. అన్నిటికీ 169తో మొదలయ్యే నెట్‌వర్క్ అడ్రస్ ఉంది. అది సర్వర్ ఇచ్చే అడ్రస్ కాదు. అడిగి అడిగి జవాబు రాక, లాప్‌టాప్ తనకు తానే పెట్టుకునేది.

ఆ బిల్డింగ్‌లో ఉద్యోగులకి ఒక వీలాన్, విజిటర్లకి ఒక వీలాన్. ఒకే కేబుల్ మీద పోతున్నా ఒకదాన్నొకటి తాకని దారులవి. ఒక్కో దారికి ఒక నంబరు. విజిటర్ల వైఫైకి మారి చూస్తే అడ్రస్ వెంటనే వచ్చింది. ఉద్యోగుల దారిలో వైఫై లేకుండా వైరు పెట్టి చూసినా రాలేదు. అంటే తప్పు వైఫైది కాదు, స్విచ్‌ది. స్విచ్‌లోకి వెళ్ళి, మూడో అంతస్తుకి పోయే కేబుల్ మీద ఏ నంబర్లని పోనివ్వాలో రాసుండే జాబితా తెరిచాడు. ఉద్యోగుల నంబరు 30 అందులో లేదు.

ఎవరు తీశారో కూడా అక్కడే, మార్పులన్నీ నమోదయ్యే లాగ్‌లో ఉంది. ఆదివారం మధ్యాహ్నం, కాలేబ్ లాగిన్. విజిటర్లకి కొత్త నంబరు చేర్చబోయి కమాండ్‌లో ‘యాడ్’ అన్న మాట వదిలేశాడు. ఆ మాట లేకపోతే స్విచ్ పాత జాబితా చెరిపేసి, కొట్టినవాటినే ఉంచుతుంది. కృపావరం లాగ్‌ని తన లాప్‌టాప్‌లో సేవ్ చేసుకుని, 30ని తిరిగి చేర్చాడు. పది నిమిషాల్లో అందరికీ అడ్రస్‌లు వచ్చాయి.

అక్కడితో పోయుంటే బాగుండేది. ఆదివారం సాయంత్రం ల్యాబ్‌లో ఒక ఫ్రీజర్ చెడిపోయింది. దాని అలారం వెళ్ళేది ఆ ఉద్యోగుల దారినే. అడ్రస్ లేని అలారం ఎవరికీ చేరలేదు. రెండేళ్ళుగా కూడబెట్టిన రక్తం శాంపిల్స్ కరిగిపోయాయి. ల్యాబ్ చూసే ఇషా, ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగమ్మాయి, ఆ ట్రేలు ముందు పెట్టుకుని ఒక్కో లేబులూ చదివి రాసుకుంటోంది.

కృపావరం పార్కింగ్‌లోకి వచ్చేసరికి కాలేబ్ ఫోన్.

"అంకుల్, రిపోర్ట్‌లో నా పేరు రాయకండి. వచ్చే వారమే నా గ్రీన్ కార్డ్ ఇంటర్వ్యూ. ఈ జాబ్ పోతే మేం రోడ్డున పడతాం."

ప్రయోగం చేయకుండా రీడింగులు రాసిన పిల్లల రికార్డులు చించి పారేసిన మాస్టారాయన. ఆ రోజు కార్లోనే లాప్‌టాప్ తెరిచాడు. మార్పు ఎవరు చేశారో తెలియలేదని రాసి, సంతకం పెట్టి పంపించాడు. ఇంటికెళ్ళి మణికి చెబితే, ఆవిడ అన్నం వడ్డిస్తూ, "తప్పు చేశారు" అంది.

గురువారం మీటింగ్. కంపెనీ ఓనర్, ఇషా, కాలేబ్, కృపావరం. స్విచ్‌ని చివరగా ముట్టుకున్నదెవరని ఇషా అడిగింది.

"సోమవారం కృపావరం గారు," అన్నాడు కాలేబ్.

అబద్ధం కాదు. మిగతాది కూడా చెబుతాడని కృపావరం ఎదురుచూశాడు. కాలేబ్ తల వంచుకుని నోట్స్ తిరగేస్తున్నాడు. తొమ్మిదేళ్ళుగా తనకి పని ఇస్తున్న ఓనర్ చూపు తనవైపు తిరిగింది. కృపావరం లాప్‌టాప్ తెరిచి ఆదివారం లాగ్ చూపించాడు.

ఇషా దాన్ని రెండుసార్లు చదివింది. "మీకు సోమవారమే తెలుసు కదా. మరి తెలియదని ఎందుకు రాశారు?" అని అడిగింది.

కృపావరం లాప్‌టాప్ మూసేశాడు.

శుక్రవారం నిర్ణయం వచ్చింది. కాలేబ్‌ది పొరపాటు, ఎవరికైనా జరగొచ్చు, వార్నింగ్ లెటర్ చాలు. కృపావరం కస్టమర్‌కి తెలిసి తెలిసి తప్పుడు రిపోర్ట్ ఇచ్చాడు, కాబట్టి ఉద్యోగం లేదు. ఆ లెక్కలో ఎక్కడ తప్పు పట్టాలో ఆయనకే తోచలేదు. అదే ఆయన్ని ఎక్కువ కోసింది.

తర్వాత మూడుచోట్ల అప్లై చేశాడు. పాత ఉద్యోగం ఎందుకు మానారన్న చోట ఉన్నదున్నట్టు రాశాడు. ఎవరూ పిలవలేదు. ఇప్పుడు ఒక కాంట్రాక్టర్ దగ్గర స్కూళ్ళ సీలింగుల పైన కేబుల్ లాగే పని చేస్తున్నాడు. మోకాళ్ళు వాచిపోతున్నాయి.

ఆదివారాలు మణిని చర్చి దగ్గర దింపి, ఆయన కార్లోనే ఉండిపోతున్నాడు. ఈస్టర్ అయిన మరుసటి వారం కాలేబ్ ఆ కారు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. గ్రీన్ కార్డ్ వచ్చిందని చెప్పాడు. లోపలికి రమ్మని బతిమాలాడు.

"నువ్వెళ్ళు, పాటలు మొదలైనట్టున్నాయి," అని కృపావరం అద్దం పైకెత్తాడు. కాలేబ్ ఒక్కడే లోపలికి వెళ్ళిపోయాడు.