నేను తీసేసిన పన్నెండు పేజీలు

తొమ్మిదేళ్లుగా దీన్ని ఎవరికీ చెప్పలేదు. ఇంట్లోవాళ్లకు కూడా. చెబుదామనుకున్న ప్రతిసారీ వేరే మాట ఎత్తుకున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే మీకు చెప్పడం కాస్త తేలిక. కర్నూలులో ఉంటాను. పిల్లలకు తెలుగు పాఠాలు చెబుతాను, తీరిక దొరికితే పుస్తకాలు రాస్తాను. నా పుస్తకాల్లో నలుగురూ చదివింది ఒక్కటే, ఒక పరుగుల అమ్మాయి జీవితకథ.

ఆమె పేరు సుంకులమ్మ అనుకుందాం. కోడుమూరు దగ్గర పల్లె. అమ్మానాన్నలది కూలిపని. చేనుగట్ల మీద వట్టికాళ్లతో పరుగు నేర్చుకుని, రాష్ట్రస్థాయి పోటీల్లో బంగారు పతకం తెచ్చుకుంది. ఆ పోటీకి ముందు మూడు వారాలుగా మోకాలి కింద ఎముక నొప్పి పెడుతుంటే, పసుపు, సున్నం కలిపి పట్టు వేసి, పాతచీర పేలిక చుట్టుకుని పరిగెత్తింది. గెలిచింది. పుస్తకం అక్కడితో అయిపోతుంది. చాలా బాగా రాశాను. చదివినవాళ్లకు ఒళ్లు జలదరించేట్టు రాశాను.

గెలుపు గీత దాటాక నాలుగడుగులు వేసి ఆమె కూలబడిందని అందులో లేదు. నొప్పి ఉన్నచోటే ఎముక విరిగింది. సరిగా అతకలేదు. మళ్లీ ఆమె పరిగెత్తలేదు. ఇప్పుడు కుంటుకుంటూ నడుస్తుంది, కుట్టుమిషన్ మీద బతుకుతోంది. ఇదంతా ఆమె నాకు దాచకుండా చెప్పింది. చెప్పి, ఒక్కటే కోరింది.

"పతకం సంగతి ఎంతన్నా రాయండి సార్. కాలు ఇరిగింది కూడా రాయండి. మన ఆడపిల్లోళ్లు సదువుతారు. నొస్తాంటే నిలబడిపోండి, పరిగెత్తొద్దండని నేను చెప్పినట్టు రాయండి."

రాశాను. పన్నెండు పేజీలు. అచ్చుకు ఇచ్చే ముందు తీసేశాను.

ఎవరైనా తీయమన్నారా? లేదు. ఎవరూ ఆ పేజీలు చూడను కూడా లేదు. బడుల్లో ఆటల పోటీలకు బహుమతిగా ఇవ్వడానికి స్ఫూర్తినిచ్చే పుస్తకాల కోసం చూస్తున్నారని అప్పుడే తెలిసింది. విరిగిన కాలితో ముగిసే పుస్తకాన్ని ఏ హెడ్మాస్టరు పిల్లల చేతిలో పెడతాడు? పిల్లలు నిరుత్సాహపడకూడదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పిల్లల పేరు చెప్పుకున్నానే గానీ నాకు కావలసింది వేదిక, మైకు, శాలువా, నా పేరు ముందు నాలుగు విశేషణాలు. సుంకులమ్మకు మాత్రం ప్రచురణకర్త తీసేశాడని చెప్పాను. ఆమె నమ్మింది. నేను బాధపడుతున్నాననుకుని, పోనీలే సార్ అని నన్నే ఓదార్చింది. ఆ ఓదార్పును కూడా సిగ్గులేకుండా తీసుకున్నాను.

ఏడాది తిరక్కుండానే కోడుమూరు పక్క మండలంలో ఒక బడికి ఆటల పోటీల ముఖ్య అతిథిగా పిలిచారు. పోటీలు మొదలవక ముందు తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె నా పుస్తకం పట్టుకుని వేదిక దగ్గరికి వచ్చింది. కొన్ని నెలల కిందట ఆమెకు బహుమతిగా ఇచ్చారట. అట్ట చినిగిపోయేదాకా చదివింది. సంతకం కావాలంది. పేరు చెప్పింది, దాన్నిక్కడ రాయను. తర్వాత వంగి మేజోడు కిందికి జరిపింది. మోకాలి కింద పేలిక. పేలిక అంచున ఎర్రగా పసుపు, సున్నం పట్టు.

"వారమాయ సార్, నొస్తాండాది. సుంకులమ్మక్క మాదిరే పట్టేసినా. పరిగెత్తొచ్చునా సార్?"

నాకు తెలుసు. ఆ మైదానంలో అంతమంది ఉన్నా, ఆ ప్రశ్నకు జవాబు తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. పక్కనే హెడ్మాస్టరు చిరునవ్వుతో చూస్తున్నాడు. వద్దంటే ఎందుకని అడుగుతారు. అడిగితే ఆ పేజీల సంగతి బయటపడుతుంది. ఇంత లెక్క ఆ రెండు క్షణాల్లో వేశానా, లేక ఆ తర్వాత నాకు నేను అల్లుకున్నానా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. ఏం చేశానో మాత్రం బాగా గుర్తుంది. నవ్వాను. పెన్ను తీసి మొదటి పేజీలో "నొప్పి ఓడుతుంది, నువ్వు గెలుస్తావు" అని రాసి సంతకం పెట్టాను. ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది.

పదిహేను వందల మీటర్ల పరుగు. మూడో చుట్టులో ఆమె ముందుంది. నేను వేదిక మీద చప్పట్లు కొడుతున్నాను. మలుపు దగ్గర పడిపోయింది. ఆ అరుపు నేను కూర్చున్న చోటికి వినబడింది. పరుగెత్తిపోయి చూస్తే కాలు ఉండాల్సిన తీరులో లేదు. గుంతలో కాలు మడత పడిందని ఎవరో అన్నారు. అందరూ అదే అన్నారు. నేనూ అన్నాను.

కర్నూలులో రెండు ఆపరేషన్లు జరిగాయి. ఒక కాలు పొట్టిదైపోయింది. పండ్లు తీసుకుని చూడబోయాను. ఇంత పెద్దవాళ్లు వచ్చారని వాళ్ల నాన్న చేతులు జోడించాడు, కుర్చీ తుడిచి వేశాడు. తలగడ పక్కన నా పుస్తకం ఉంది. పరుగులో గెలవలేకపోయానని ఆ పిల్ల నాకు క్షమాపణ చెప్పింది. నాకు! నేను ఆమె తల నిమిరి వచ్చేశాను. మళ్లీ పోలేదు.

ఆ పుస్తకం ఇంకా బడుల్లో ఇస్తూనే ఉన్నారు. మొన్న మళ్లీ అచ్చు వేస్తామన్నారు. ఆ పన్నెండు పేజీలు జ్ఞాపకం చేసుకుని మళ్లీ రాసి పంపాను, సుంకులమ్మ మాటలు ఆమె అన్నట్టే పెట్టాను. దీన్ని నా మంచితనం కింద జమ వేయకండి. సుంకులమ్మకు ఇంకా నిజం చెప్పలేదు. ఆ పిల్ల ఊరి బస్సు రెండుసార్లు ఎక్కి, రెండుసార్లూ సగం దారిలో దిగిపోయాను.

ఇంతవరకు రాసేసరికి ఊపిరి కాస్త ఆడుతోంది. ఆడుతున్నందుకు సిగ్గుగానూ ఉంది. అంతా చేసి నేను హాయిగా రెండు కాళ్ల మీద నడుస్తున్నాను. ఆ రోజు ఆమె అడిగినదానికి రెండు మాటలు సరిపోయేవి. పరిగెత్తొద్దు తల్లీ. ఆ మాట అనడానికి ఇన్నేళ్లు పట్టింది. అదీ ఆ పిల్లతో కాదు, మీతో.