దొర గరమైండు!

రెండే రెండు ఇంగ్లీషు మాటలతో మా మేనమామ మగ్గాన్ని మూలపడేయబోయిన ఘనుణ్ణి నేను. అంతా విన్నాక నవ్వండి.

అవి యుద్ధం రోజులు. వరంగల్లులో నూలు దొరకడమే గగనం. మల్లయ్య మామ ఇంట్లో మిగిలిన నూలంతా పెట్టి ఒక జంపఖానా నేశాడు. అది అమ్ముడుపోతేనే మళ్లీ మగ్గం ఆడేది. చలికాలం పొద్దున, సికింద్రాబాదు నుంచి ఒక తెల్లదొర దాన్ని చూడటానికి వచ్చాడు. దుబాసీగా నన్ను కూర్చోబెట్టారు. అప్పుడే మెట్రిక్ గట్టెక్కాను. నాకెంత ఇంగ్లీషు వచ్చో దొరకు తెలియదు, మామకు తెలియదు, నిజం చెప్పాలంటే నాకూ తెలియదు.

దొర ఆ జంపఖానా చుట్టూ పెళ్లిచూపులకొచ్చిన మేనత్తలా తిరిగి, "ఇట్ లీవ్స్ మీ కోల్డ్" అన్నాడు.

"ఏమన్నడు రా అల్లుడా?"

కోల్డ్ అంటే చల్లన. మనకు చల్లనిదంతా మంచిదే కదా!

"దొర మనసు సల్లవడ్డదట మామా!"

తనకది ఏమాత్రం నచ్చలేదని ఆయన అన్నట్టు చాలా ఏళ్లకు గానీ నాకు తెలియలేదు.

మామ పొంగిపోయి రెండు చేతులూ ఎత్తాడు. "నీ కడుపు సల్లగుండ దొరా!"

దాన్నీ నేను వదల్లేదు. "కోల్డ్ ఇన్ యువర్ స్టమక్, సర్!" అన్నాను.

దొర బెదిరి పొట్ట తడుముకున్నాడు. ముక్కు ఎగబీల్చి, "ఐ హావ్ గాట్ ఎ కోల్డ్ ఆల్రెడీ" అన్నాడు.

పడిశం పట్టిందని ఎవరైనా అర్థం చేసుకుంటారు. నేను చేసుకోలేదు.

"మనసుకు సల్లనిది ఒకటి దొరికిందంటున్నడు. ఇగ చుట్టు మామా!"

మామ చుట్టి, దొర వచ్చిన జట్కాలో పెట్టబోయాడు. దొర "నో! నో!" అంటూ అడ్డం పడ్డాడు. చెరో కొస పట్టుకుని గుంజుకుంటుంటే దొరకు తుమ్ములు అందుకున్నాయి. జట్కా గుర్రం కూడా అదిరి వెనక్కి తగ్గింది. పొయ్యి దగ్గరున్న అత్త పరుగున వచ్చింది.

"పడిశం వట్టిన మనిషిని సలిల నిలవెట్టి ఏం గుంజులాటయ్యా? జర కూసోనియ్యి!"

ఆ జంపఖానానే ఆయన భుజాల మీద కప్పి, మిరియాల కషాయం చేతిలో పెట్టింది.

తుమ్ములు తగ్గాయి. దొర జంపఖానాను గడ్డం దాకా లాక్కుని, కళ్లు మూసుకుని, "వార్మ్... వెరీ వార్మ్" అన్నాడు.

వార్మ్ అంటే వేడి, మనిషి వేడెక్కాడంటే కోపమొచ్చినట్టే!

"మామా, దొర బాగ గరమైండు! జంపఖానా తీసెయ్యి, జల్ది!"

పాపం మామ, ముఖం చిన్నబుచ్చుకుని ఒక కొస పట్టి లాగాడు. దొర పసిపిల్లాడిలా దాన్ని గట్టిగా పట్టుకుని, "మైన్! మైన్!" అని అరిచాడు. జేబులోంచి డబ్బు తీసి మామ చేతిలో కుక్కి, జంపఖానా కప్పుకునే జట్కా ఎక్కాడు.

మామ చేతిలోని డబ్బును చూశాడు, నన్ను చూశాడు.

"దొరలు గరమైతెనే కొంటరన్నట్టు! ఇప్పటిసంది వచ్చినోళ్లందర్ని నువ్వే జర గరం జెయ్యి అల్లుడా!"

ఆ రెండు మాటల అసలు అర్థాలు తెలిసిన రోజున చెవులు పట్టుకుని గుంజీలు తీసి మరీ ఒట్టు పెట్టుకున్నాను: ఏ ఇంగ్లీషు మాటనైనా, వేడిదో చల్లనిదో ముందు వేలుపెట్టి చూసుకోనిదే తెలుగులోకి దించనని. ఇప్పటికీ ఎవరైనా కోల్డ్ అంటే, బదులు చెప్పేముందు వాళ్ల ముక్కు వంక చూస్తాను.