మొదటి అధ్యాయం గురించి నేను అడగలేదు

అనంతపురంలో ఒక డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. కొన్నేళ్ళ కిందట మూడో సంవత్సరం పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు దిద్దుతూ ఒక అమ్మాయి రిపోర్టు దగ్గర ఆగిపోయినాను. ముదిగుబ్బ పక్కనుంచి వచ్చే అమ్మాయి, గొర్రెలు కాసుకునే ఇల్లు. ముందు బెంచీలో కూర్చునేది గానీ నోరు తెరిచేది కాదు. పరీక్షల్లో గైడులో ఉన్నది ఉన్నట్టు రాసేది. నేనూ మార్కులు వేసేదాన్ని.

ఎండాకాలంలో గొర్రెల మందలు వలసపోవడం మీద ఆమె ప్రాజెక్టు. మొదటి అధ్యాయం అందరిదీ ఉన్నట్టే ఉండింది. వర్షపాతం, పశుసంపద, నిర్వచనాలు. టిక్కు పెట్టి పేజీ తిప్పినాను. రెండో అధ్యాయంలో రాతే మారిపోయింది.

“ఎండాకాలంలో మందను నడిపించేది గడ్డి కాదు, నీడ. ఒక నీడనుంచి ఇంకో నీడ దాకా గొర్రెపిల్ల నడవగలిగినంతే ఆ పూట మా పయనం” అని రాసి ఉంది. కణేకల్ కాలువ కిందికి పోయే దారిలో ఏ రైతు మందను పొలంలోకి రానిస్తాడో, ఎవరు తరుముతారో, నడుస్తూ నడుస్తూ ఈనిన గొర్రెను ఏం చేస్తారో, అన్నీ కళ్ళకు కట్టినట్టు ఉన్నాయి.

గైడు జవాబులు రాసే పిల్ల ఇది రాసిందంటే నాకు నమ్మకం కలగలేదు. ఏదో పుస్తకంలోనుంచి ఎత్తిందనుకున్నాను. ఏ పుస్తకమో వెతకలేదు. పక్క కుర్చీలోని సీనియర్ లెక్చరర్‌కు చూపిస్తే, “సున్నా వేయండి మేడం. ఒకర్ని పట్టుకుంటే మిగతావాళ్ళు దారికొస్తారు” అన్నాడు. నాకూ అదే సబబనిపించింది.

మరునాడు క్లాసులో ఆ అమ్మాయిని నిలబెట్టి, ఆ వాక్యం పైకి చదివినాను.

“ఇది యాడనుంచి ఎత్తినావు?”

“నేనే రాసినా మేడం.”

“నీ పేపర్లు దిద్దేది నేనే కదమ్మా. నీ రాత నాకు తెలీదా?”

వెనక ఎవరో నవ్వినారు. నేను కూర్చోమన్నా ఆమె కూర్చోకుండా గంట కొట్టేదాకా అట్లే నిలబడింది. మరునాటినుంచి కాలేజీకి రాలేదు.

ఐదో రోజు వాళ్ళ నాయనను వెంటబెట్టుకుని స్టాఫ్ రూముకు వచ్చింది. ఆయన చెప్పులు గడప బయట విడిచి లోపలికి వచ్చినాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

“మేడమ్మా, మా పాప దొంగతనం చేసిందంట. ఏం ఎత్తుకునిందో అడిగిపోదామని వచ్చినా.”

రిపోర్టు తీసి ఆ వాక్యం చదివినాను. ఆయన చివరిదాకా విన్నాడు.

“అది నా మాటే కదమ్మా. ఆదివారమాదివారం నాతోపాటు మంద ఎనక నడిచి, అడిగి అడిగి రాసుకునింది. నాయన మాట బిడ్డ రాసుకుంటే తప్పా?”

ఆ అమ్మాయి సంచిలోనుంచి ఒక పొడుగాటి నోటుబుక్కు తీసి నా ముందర పెట్టింది. పైన తేదీలు. పెన్సిలుతో ఆయన మాటలు ఆయన యాసలోనే, వాటి కింద ఆమె వాక్యాలు. కొన్ని మూడేసి సార్లు కొట్టేసి రాసినవి. నాలుగు పేజీలు చదివినాక తల ఎత్తడం కష్టమైంది. తప్పు నాదేనని చెప్పినాను.

అంతటితో అయిపోయిందనుకున్నాను. అప్పుడు ఆ అమ్మాయి అనింది, “మొదటి అధ్యాయం మాత్రం నాది కాదు మేడం. లైబ్రరీలో పాత రిపోర్టు చూసి రాసినా. అందరూ అట్లే రాస్తాండారు. దాన్ని మీరు అడగలేదు.”

ఎత్తి రాసినదానికి టిక్కు పెట్టి, సొంతంగా రాసినదానికి ఆ పిల్లను అందరిముందూ దొంగను చేసినాను. రెండేళ్ళుగా గైడు రాతకు మార్కులు వేసి వేసి, సొంత మాట ఎదురైతే గుర్తుపట్టలేకపోయినాను.

పోతూ పోతూ ఆయన గడప దగ్గర ఆగినాడు. “తప్పు చేసింటే దిద్దండమ్మా. నలుగురిలో నిలబెట్టొద్దండి.”

ఆమెను నిలబెట్టిన క్లాసులోనే, ఆమె ఉండగా, క్షమించమని అడిగినాను. తర్వాత పిల్లలందర్నీ అడిగితే సగం మందికి పైగా మొదటి అధ్యాయం చూసి రాసినామని ఒప్పుకున్నారు. ఇంకొకరి మాట వాడుకుంటే అది ఎవరిదో ఎట్లా చెప్పాలో ఆ రోజే మొదటిసారి నేర్పించినాను. తిరగరాయడానికి అందరికీ వారం గడువిచ్చినాను. ఆమె మొదటి అధ్యాయం కొత్తగా రాసి, రెండో అధ్యాయం చివర ఒక వాక్యం చేర్చింది: “ఈ మాటలు మా నాయనవి, రాత నాది.”

మంచి మార్కులతో పాసయింది. కానీ ఆ మిగిలిన నెలలన్నీ వెనక బెంచీలోనే కూర్చుంది. టీసీకి వచ్చిన రోజు, పీజీకి అప్లై చెయ్యి, నేను సిఫారసు ఉత్తరం రాసిస్తానన్నాను. “వద్దులెండి మేడం” అనింది, మర్యాదగానే. పీజీలో చేరిందని తర్వాత వేరేవాళ్ళు చెప్తే తెలిసింది.

ఇప్పుడు ఫోన్లే రిపోర్టులు రాసిపెడుతున్నాయి. అనుమానాలు ఎక్కువైనాయి. పోయిన నెల ఇంకో అమ్మాయి రిపోర్టు చదువుతూ ఉంటే అదే అనుమానం వచ్చింది. మధ్యాహ్నం తిండి వేళ ఒక్కదాన్నే పిలిచి, రిపోర్టు పక్కన పెట్టి, “ఇది నువ్వు ఎట్లా చేసినావో చెప్పు, వింటా” అన్నాను. కాసేపు చెప్పి ఆగిపోయింది.

“ఫోన్లో రాయించినా మేడం. క్లాసులో చెప్తారా?”

“చెప్పను. కానీ దీనికి మార్కులు రావు. పది రోజుల్లో నీ మాటల్లో రాసుకుని రా.”

పది రోజులకు ఆరు పేజీలు తెచ్చింది. వేరుశనగ కొట్టే చోట ఆడవాళ్ళతో మాట్లాడి రాసింది. తప్పులు చాలా ఉన్నాయి. పక్కన కూర్చోబెట్టుకుని దిద్దినాను.