బాపు ఫోను, నా పసుపు పేజీ

ఆఫీసుల కొత్తగ చేరినోళ్లకు వెబ్ పేజీలు రాసే పీహెచ్‌పీ భాషల సూపర్ గ్లోబల్స్ చెప్పాల్సి వచ్చినప్పుడల్ల నాకు నవ్వొస్తది. బాపు యాదికొస్తడు.

మా ఇంట్ల నాకు, బాపుకు కోపం ముక్కు మీదనే ఉంటది. డిగ్రీ అయినంక డిచ్‌పల్లి యూనివర్సిటీల పీజీ చెయ్యమన్నడు బాపు, మస్కట్ నుంచి. నేను పోయి ఆర్మూర్ బస్టాండు కాడి కంప్యూటర్ సెంటర్ల చేరిన. "నా మాటంటే లెక్క లేదు గదా, ఇగ నాతోని మాట్లాడకు" అన్నడు. "మాట్లాడ, పో" అన్న. గంతే! ఫోన్ జేస్తే అమ్మతోనే మాట్లాడుడు, నేను పక్కన కూసోని విననట్టు జేసుడు. అమ్మ బీడీలు చుట్టుకుంట, "ఇద్దరికిద్దరు సరిపోయిన్రు" అని తిట్టేది.

సెంటర్ల సారు ఒకనాడు సూపర్ గ్లోబల్స్ చెప్పిండు. "ఇవి మీరు తయారు జేసేటివి కావు, భాషలనే ముందుగాల ఉంటయ్. పేజీ తెరిసినోళ్ల సంగతి మీరు అడగకుండనే వాట్లకొచ్చి కూసుంటది. కోడ్‌ల ఏడికెల్లైనా అందుతది" అన్నడు. గెట్, పోస్ట్, సెషన్ అన్నీ చూపిచ్చిండు. వాట్లల్ల నాకు సర్వర్ అనేది నచ్చింది. వచ్చినోళ్లు ఏ ఫోన్ల చూస్తున్నరో గూడ దాంట్ల కనవడతది.

ప్రాక్టీసుకని పసుపు ధరల పేజీ ఒకటి పెట్టి, కింద నా పేరు రాసి, అమ్మ ఫోన్ నుంచి బాపుకు లింకు పంపిన. మస్కట్‌ల పనిజేసినా పసుపు రైతే గదా! ఫోన్ల మొదటి ముచ్చట "కొమ్ముకెంత పలికింది, మండ గడ్డకెంత?" అనే.

దినాం పొద్దుగాల ఒక్కలే ఆ పేజీ తెరుస్తున్నరు. ఏం ఫోనో జూసిన. అయ్యో దేవుడా! బాపు పోయినసారి ఇంటికొచ్చినప్పుడు నేనే షాపుకు తోల్కపోయి కొనిచ్చిన ఫోను. నా పేజీ చూస్తడు, నాతోని మాట్లాడడు! మస్తు నవ్వొచ్చింది, ఎనకనే ఏడుపొచ్చింది. గిట్లనే పంతాలకు పోతే బాపు నాకు పరాయోడైతడని భయమైంది.

గా ఫోన్ల తెరిస్తేనే కనవడేటట్టు కండిషన్ రాసి, ధరల కింద ఒక్క లైను పెట్టిన: "బాపు, తిన్నవా?"

మరునాడు బాపు ఫోన్ జేసిండు. అమ్మ జరసేపు మాట్లాడి, నా దిక్కు తిరిగి పరేషానయింది.

"ఏందే గిది? 'తిన్న అని చెప్పు దానికి' అంటుండు మీ బాపు. ఎవలడిగిన్రు ఇప్పుడు?"

ఆమె చేతులకెల్లి ఫోన్ గుంజుకున్న.

"ఏం కూర, బాపు?" అన్న.