మంచిగున్నప్పుడు తినే ద్రాక్ష

మా అత్త పోయింది. అత్త అంటే మా నాన్న చెల్లెలు. పోయిన వారం ఒక పొద్దున నేను కోరుట్ల బస్టాండులో జగిత్యాల బస్సు కోసం నిలబడి ఉంటే, సిరిసిల్ల నుంచి ఆమె కొడుకు, మా బావ, ఫోన్ చేశాడు. "అమ్మ పోయింది," అన్నాడు. నేను పాఠాలు చెప్పే బడి జగిత్యాలలో ఉంది. ఆ బస్సు వచ్చి వెళ్ళిపోయింది. నేను వేములవాడ వైపు వెళ్ళే బస్సెక్కాను.

తెలిసిన చావే. నెలల ముందే డాక్టరు చెప్పాడు. ముందే తెలిస్తే దుఃఖం కొంత తేలికవుతుందని మీతో ఎవరైనా అంటే నమ్మకండి. నాకైతే రవ్వంత కూడా తేలిక కాలేదు. ఈ నాలుగు ముక్కలు రాస్తే అవుతుందన్న ఆశ కూడా లేదు.

ఆమె గురించి పేపరులో వేసేంత విశేషాలేమీ లేవు. సిరిసిల్లలో మరమగ్గాలను సాంచాలంటారు. ఆ సాంచాలకు నూలు కండెలు చుట్టింది, పెళ్ళయి వెళ్ళినప్పటి నుంచి మంచం పట్టే దాకా. మా మామ తొందరగా పోతే ఆ పనితోనే కొడుకును పెంచింది. సాంచాల మోతలో బతికిన వాళ్ళకు మెల్లగా మాట్లాడటం రాదు. ఆమె నా చెవిలో గుట్టు చెప్పినా వాడకట్టంతా వినాల్సిందే. ఇలాంటివి చాలా ఉన్నాయి గానీ, నేను రాయాలని కూర్చున్నది మాత్రం ఆమె ద్రాక్షపండ్లు తిన్న తీరు గురించి. నవ్వుకుంటే నవ్వుకోండి.

మా వైపు ఇంట్లోకి ద్రాక్ష వచ్చిందంటే ఎవరో మంచాన పడ్డారని అర్థం. దవాఖానకు చూడబోయేవాళ్ళు ఉత్తచేతులతో పోరు. ఒక బ్రెడ్డు, ఒక కవరులో అరకిలో ద్రాక్ష. జామకాయలు, సీతాఫలాలు ఎప్పుడైనా తింటాం, అవి చెట్టు మీదివి. బాగున్న మనిషి తన కోసం ద్రాక్ష కొనుక్కోవడం నా చిన్నతనంలో నేను చూడలేదు.

మామ దవాఖానలో ఉన్నప్పుడు కూడా అందరూ అవే తెచ్చారట. ఒకసారి కండెలు చుడుతూ చుడుతూ, పక్కన కూర్చున్న నాతో చెప్పింది. "ఆయన పోయినంక గూట్లె ఒక కవరు ద్రాక్ష మిగిలింది బిడ్డా. పారెయ్య మనసొప్పలే. పిలగాడు ఏడుస్తుంటే వానికిన్ని వెట్టి నేనిన్ని తిన్న. మస్తు తియ్యగున్నయి. గా దినం నా నోటికి గంత తీపి తెలిసినందుకు నా మీద నాకే రోత పుట్టింది."

ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆమె ద్రాక్ష ముట్టలేదు. కొడుకు చేతికి అందివచ్చాక ఏమనుకుందో ఏమో, తిరిగి మొదలుపెట్టింది. అయితే ఒక షరతు మీద. "మంచిగున్నప్పుడు తినాలె. మంచంల తింటే అది పండు గాదు, మందు," అనేది.

కొన్నేళ్ళ కింద బతుకమ్మకు కోరుట్లకు, తన పుట్టింటికి, వచ్చినప్పుడు నేను ఆమెను జగిత్యాలలో కొత్తగా తెరిచిన పెద్ద కిరాణా మార్టుకు తీసుకుపోయాను. అక్కడ చలువ అరలో, చిల్లులున్న ప్లాస్టిక్ డబ్బాల్లో ఎక్కడెక్కడి ద్రాక్షలో పేర్చి ఉన్నాయి. అత్త ఒక డబ్బా అందుకొని మూత తెరవబోయింది. అక్కడ పనిచేసే అమ్మాయి పరుగెత్తుకొచ్చింది.

"అమ్మా, గట్ల తెరవద్దు. కొన్నంకనే తెరవాలె."

"బండి కాడ ఒకటి నోట్లేసుకొనే ధర అడుగుతం బిడ్డా. రుచి సూడకుంట కొనుమంటే ఎట్ల?"

సాంచాల మధ్య అరిచినట్టే అడిగింది. పప్పులు తూచే దగ్గరి వాళ్ళు కూడా తిరిగి చూశారు. ఆ అమ్మాయి నవ్వాపుకొని, "గిది పీచుమిఠాయి రుచి ఉంటదమ్మా, అందరు గదే తీస్కపోతున్నరు," అంది. ద్రాక్షకు పీచుమిఠాయి రుచేమిటని అత్తకు నమ్మకం కుదరలేదు. ఆ అనుమానం తీర్చుకోవడానికే కొన్నది.

మార్టు మెట్ల మీదే కూర్చొని, సీసాలో నీళ్ళతో కడిగి ఒకటి నోట్లో వేసుకుంది. ద్రాక్ష తినేటప్పుడు ఆమె కళ్ళు మూసుకునేది, మింగేదాకా మాట్లాడేది కాదు. నేను ఎదురుచూస్తూ నిలబడ్డాను. చివరికి కళ్ళు తెరిచి, "సూదిమందు ఏసిండ్రు," అని తేల్చింది. కాదత్తా, ఆ రకమే అంత అని నేను చెప్పాను. ఇంకొకటి తిన్నది. "ఏస్తె ఏసిండ్రు తియ్. మంచి సూదిమందే."

తిరుగు బస్సులో ఆమె ఒడిలో ఆ డబ్బా చూసి పక్క సీటావిడ జాలిగా అడిగింది, "ఎవలకు బాగలేదమ్మా?" అని.

"ఎవ్వలకేం కాలే. మేం తినుటానికే," అంది అత్త. ఆవిడ నమ్మలేదు. దిగేటప్పుడు నా భుజం తట్టి, అంతా మంచే జరుగుతుందిలే అని ధైర్యం చెప్పి పోయింది. అత్త ఇల్లు చేరేదాకా నవ్వుతూనే ఉంది.

అప్పటి నుంచి మా ఇద్దరికీ అదొక పిచ్చి. మార్టులో కొత్త రకం కనబడితే చాలు, సెలవు రోజు చూసుకొని సిరిసిల్లకు పట్టుకుపోయేదాన్ని. ఆమె స్టీలు గిన్నెలో ఉప్పునీళ్ళు పోసి ఒక్కొక్కటే కడిగేది. వేళ్ళలాగ పొడుగ్గా ఉండే నల్లవి, కొరికితే పటుక్కుమనే ఎర్రవి, పువ్వు వాసన వచ్చే పెద్ద ఆకుపచ్చవి, అన్నీ చూశాం. నాలుక మీద ఆగిపోయే తీపి వేరు, గొంతులోకి దిగే తీపి వేరు అనేది. ఆకుపచ్చవే అన్నిటికన్నా మేలని ఆమె తీర్పు. పులుపు కలిసినవి తెస్తే మాత్రం ఊరుకునేది కాదు. "పులుపు మన బతుకుల ఉండనే ఉన్నది. మల్ల పైసలు వెట్టి కొంటరా?"

ఇంట్లో అందరికీ పెట్టి, వంటగదిలో నిలబడే నాలుగు మెతుకులు నోట్లో వేసుకోవడం నాకు అలవాటు. ఆమె ఆ అలవాటు మీద కోపంగా ఉండేది. "కూసోని తిను. నువ్వు గూడ మనిషివే," అనేది. ఆ మాట నాతో ఇంకెవరూ అనలేదు. ఇప్పుడు కూర్చునే తింటున్నాను. ఆమెకు నేను రుణపడింది ఒక్క దీనికే అనుకున్నా చాలా ఎక్కువ.

ఒకసారి అలాగే తింటూ అంది. "బిడ్డా, నేను మంచంల వడితే ఊరంత తెస్తరు. నువ్వు మాత్రం ద్రాక్ష తేకు. నేను లేసినంక తే, ఇద్దరం తిందం." తేనని మాటిచ్చాను.

కడుపులో గడ్డ అని తేలేసరికే చాలా ఆలస్యమైంది. తిప్పగలిగినన్ని దవాఖానలు బావ తిప్పాడు. చివరికి ఒక డాక్టరు, "ఇంటికి తీస్కపోండి. ఏం తినబుద్ధయితే అది పెట్టండి," అన్నాడు. అన్నీ వద్దనే డాక్టర్లు అన్నీ పెట్టమన్నారంటే దాని అర్థం మీకు నేను చెప్పక్కర్లేదు.

చుట్టాలు రావడం మొదలైంది. వచ్చిన ప్రతివాళ్ళ చేతిలో ద్రాక్ష కవరే. మంచం పక్కన మేకుకు తగిలించేవాళ్ళు. ఎవరైనా ఒకటి తుంచి నోటి దగ్గర పెడితే అత్త పెదాలు బిగించి గోడవైపు తిరిగేది. ఆ కవర్లను చూస్తే నాకు ఒళ్ళు మండేది. నేను ప్రతి ఆదివారం ఉత్తచేతులతోనే పోయాను. ఇంత చదువుకొని, ఉద్యోగం చేస్తూ, ఒక పండైనా తేదు చూడు అని నా వెనకాల అనుకున్నారు. అనుకోనీ అనుకున్నాను.

నిజం చెప్పాలంటే ఆమె అలా గోడవైపు తిరిగిన ప్రతిసారీ నాకు లోపల ధైర్యంగా ఉండేది. ఆమె వద్దంటున్నదంటే లేస్తాననే అనుకుంటున్నదని. డాక్టరు మాట కన్నా నేను ఆ బిగించిన పెదాలనే నమ్మాను.

ఆఖరి ఆదివారం పోయినప్పుడు బావ మందుల షాపుకు వెళ్ళి ఉన్నాడు. నేను మంచం మీద కూర్చోగానే అత్త నా చేతులకేసి చూసింది. ఏదో అంది. చెవి ఆమె నోటి దగ్గర పెడితే గానీ వినిపించలేదు.

"ఏం తేలేదా బిడ్డా?"

"నువ్వే వద్దన్నవు గదత్తా. లేసినంక తెమ్మన్నవు."

"అన్న." కాసేపు ఊపిరి తీసుకుంది. "గప్పుడు లేస్తననుకున్న."

నేను బయటికి వచ్చి ఆటో ఎక్కాను. సిరిసిల్లలోని మార్టులో పీచుమిఠాయి రకం లేదు, ఇది దాని కాలం కాదన్నారు. ఆమె మెచ్చిన ఆకుపచ్చవి మాత్రం ఉన్నాయి. తిరిగి వస్తూ ఆటోలోనే డబ్బా తెరిచి ఒకటి తిన్నాను, ఎక్కడ పులుపు తగులుతుందోనని. లేదు. అంత తియ్యటి పండు నేను ఎన్నడూ తినలేదు.

ఉప్పునీళ్ళతో కడిగి ఒకటి ఆమె నోట్లో పెట్టాను. ఎప్పటిలాగే కళ్ళు మూసుకుంది. దవడ మెల్లగా ఒకటి రెండుసార్లు కదిలింది. నేను ఆగలేకపోయాను.

"ఎట్లున్నదత్తా?"

చాలాసేపటికి, "సల్లగున్నది," అంది.

"తియ్యగున్నదా?"

ఆలోచించింది. నాకు అబద్ధం చెప్పడం ఆమెకు ఇష్టం లేదనుకుంటాను. "సల్లగున్నది బిడ్డా," అంది మళ్ళీ.

తర్వాత నిద్రలోకి జారింది. పీక్కుపోయిన ఎడమ బుగ్గలో ఆ పండు గుండ్రంగా పైకి కనిపిస్తూనే ఉంది. గొంతుకు అడ్డం పడుతుందేమోనని భయపడి, వేలు పెట్టి నెమ్మదిగా బయటికి తీశాను. దాని మీద ఎక్కడా పంటి గాటు లేదు. ఆమె నోట్లో ఉండి ఉండి వెచ్చబడింది. దాన్ని పారెయ్యలేక, ఎక్కడ పెట్టాలో తోచక, బావ వచ్చేదాకా అరచేతిలోనే పట్టుకొని కూర్చున్నాను.