చెవి అందిన నాడు

మొన్నొక ఆదివారం మా కోడలు పిల్లను బ్యాంకు పరీక్షకు తోలుకొని పోయాను. కోడలంటే కొడుకు పెండ్లాం అనుకునేరు, కాదు. మా చిన్నమామ కొడుకు బిడ్డ, పరకాల నుండి వచ్చింది, వరుసకు నేను మామనవుతాను గనుక డెబ్బై దగ్గరపడ్డ వాణ్ణని చూడకుండా నోరారా "మామా" అని పిలుస్తుంది. నేను వాళ్ల తాతను పిలిచిన పిలుపు కూడా అదే. ఊరి బయటి ఇంజనీరింగ్ కాలేజీలో పరీక్ష, అంతా కంప్యూటర్ల మీదనే అట. గేటు దగ్గర పిల్లలను వరుసగా నిలబెట్టి, చేతులు పైకెత్తమని, ఏదో కర్రలాంటి యంత్రంతో ఒళ్లంతా చూసి లోపలికి పంపుతున్నారు. దాని వంతు వచ్చి అది చెయ్యెత్తింది. అచ్చం వాళ్ల తాత చెయ్యే, అంతే పొడుగు, అదే సన్నటి మణికట్టు. పిల్ల లోపలికి పోయింది, నేను గోడ నీడన తక్కిన తల్లిదండ్రుల పక్కన కూలబడ్డాను.

మా ఈడు వాళ్లకు నేను చెప్పేదేముంది, పుట్టిన తేదీ ఎవరి ఇంట్లోనూ రాసి ఉండని రోజులవి. బడిలో చేర్చాలంటే పంతులుగారు పిల్లవాణ్ణి ముందర నిలబెట్టి, కుడిచెయ్యి నెత్తి మీదుగా తిప్పి ఎడమ చెవిని ముట్టుకోమనేవారు. అందితే అయిదేండ్లు నిండినట్టు, అందకుంటే వచ్చే ఏడు రమ్మనడం. చెవి అందినవాడు పలక పట్టుకొని కూర్చునేవాడు, అందనివాడు ముక్కు తుడుచుకుంటూ ఇంటికి పోయేవాడు. ఆ కాలానికి అదే సర్టిఫికెట్టు.

మా అమ్మ తొలికాన్పుకు పరకాల దగ్గరి పుట్టింటికి పోయినప్పుడు, మా అమ్మమ్మకూ అప్పుడే నెలలు నిండుతున్నాయి. అప్పట్లో ఇది వింతేమీ కాదు గాని, బిడ్డతో పాటు తానూ కడుపుతో ఉన్నందుకు అమ్మమ్మ సిగ్గుతో కొంగు నిండా కప్పుకొని తిరిగేదట. వానకాలంలో, ఒక్క వారం ఎడంలో, ముందు నేను, వెనక మా చిన్నమామ పుట్టాం. మేనల్లుడి కన్నా చిన్న మేనమామ! అమ్మమ్మకు పాలు పడకపోతే మా అమ్మే ఇద్దరికీ ఇచ్చి సాకింది. చుట్టాలు మమ్మల్ని పక్కపక్కన నిలబెట్టి "వీళ్లల్ల మామ ఎవడే?" అని నవ్వేవాళ్లు, మామ ఛాతీ విరుచుకొని "నేనే" అనేవాడు.

ఒకనాడు తాత ఇద్దరినీ బడికి తీసుకుపోయాడు. ఇద్దరికీ నాలుగేండ్లు కూడా సరిగా నిండలేదు. నా చెయ్యి చెవి పైనే ఆగిపోయింది. మామ చెయ్యి పొడుగు, అయినా వేలెడు తక్కువే పడింది. అప్పుడు తాత పంతులుగారితో వానలు, పంటలు మాట్లాడుతూనే, అరచెయ్యి మామ తల మీద వేసి మెల్లగా పక్కకు వంచాడు. చెవి అందింది. నా తల కూడా వంచమని నేను ఏడ్చాను. "నువ్వు మట్టెవాడ మీ ఇంటికి పోతవ్ గద బిడ్డా, నీకేం తొందర" అన్నాడు తాత. పంతులుగారు ఎందుకైనా మంచిదని కొంచెం ఎక్కువే వేసి రాశారు, మా మామ నిలబడ్డచోటనే నాకన్నా రెండేండ్లు పెద్దవాడయ్యాడు. తాత ఆ సాయంత్రం వాడకట్టంతా బెల్లం పంచాడు, కొడుకు చెవి అందుకున్నాడని ఎన్నేండ్లు చెప్పుకున్నాడో.

నడుమ వ్యవసాయం కోసం చదువు ఆపుకోవలసి వచ్చి, చివరికి మామ నాతో పాటే డిగ్రీ ముగించి వరంగల్ మట్టెవాడలో మా ఇంటికి వచ్చాడు. అప్పుడు బ్యాంకు నౌకరి అంటే ఇంతా అంతా కాదు, పిల్లనిచ్చేవాళ్లు ఇంటిముందు చెప్పులరిగేలా తిరిగేవాళ్లు. మా బాపు కిరాణా దుకాణం వెనక గదిలో, మిరపకాయల బస్తాల నడుమ, తుమ్ముకుంటూ చదివేవాళ్లం. మాకొక అలారం గడియారం ఉండేది, దాని రోగమేమిటో గాని బోర్లా పడుకోబెడితేనే నడిచేది, టైమెంతయిందో చూద్దామని ఎత్తితే ఆగిపోయేది. దాన్ని పెట్టుకొని మామ నాకు పరీక్ష పెట్టేవాడు. నేనేదైనా లెక్క దగ్గర పట్టుబట్టి కూర్చుంటే నెత్తి మీద ఒక్కటి మొట్టి, "తెల్వని లెక్క మీద కూసుంటే తెలిసిన లెక్కలు పోతయిరా, దాటిపో" అనేవాడు. లెక్కల్లో నన్ను మనిషిని చేసింది ఆయనే.

మొదటిసారి నేను రాతపరీక్షలోనే పోయాను. మామ గట్టెక్కి, మా బాపు పెండ్లి కోటు వేసుకొని హైదరాబాదు ఇంటర్వ్యూకు పోయాడు. అక్కడ వాళ్లు ఇంగ్లీషులో అడిగిందానికి జవాబు తెలిసీ నాలుక తిరగక, కోటు కింద చెమటలు కక్కి, అట్లాగే లేచి వచ్చాడట. బస్సు దిగి నవ్వుతూనే వచ్చాడు. "మళ్లొచ్చేసారి సూడు" అన్నాడు. ఆ మరునాటి నుండి గ్రంథాలయంలో ఇంగ్లీషు పేపరు ముందేసుకొని, పక్కవాళ్లు విసుక్కున్నా సరే, పైకి చదవడం మొదలుపెట్టాడు. ఆ వచ్చేసారి కోసం అంతగా కాచుకున్న మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు.

అది రావడం ఆలస్యమైంది. వచ్చిన రోజు ఆ గ్రంథాలయంలోనే ప్రకటన చదివి, పేపరు నా వైపు జరిపి, వయసు గురించి రాసినచోట వేలు పెట్టి, నన్నొకసారి చదవమన్నాడు. బడిలో రాసిన తేదీ ప్రకారం ఆయనకు కొన్ని వారాల కిందటే గడువు దాటిపోయింది. అసలు పుట్టుక ప్రకారమైతే నాతో పాటు ఇంకా ఇంచుమించు రెండేండ్లు ఉన్నట్టే.

తిరగని చోటు లేదు. బడి పంతులుగారు రిటైరై రఘునాథపల్లిలో కొడుకు దగ్గర ఉన్నారంటే బస్సెక్కి పోయాం. ఆ పెద్దాయన చాయ్ తాగించి, సంగతి విని, "తొందరగ సదువుకొని పైకొస్తడని మంచికే రాసిన బిడ్డా" అని కండ్లనీళ్లు పెట్టుకున్నారు. పదో తరగతి దాటినంక తేదీ మారదు, ఆశ వదులుకొమ్మన్నాడు వకీలు. మా అమ్మయితే కనిపించిన ప్రతివాళ్లతోనూ "నా కొడుకు పుట్టినంక పుట్టి నా పాలు తాగినోడు, నా కొడుకుకన్న పెద్దోడెట్లయితడు?" అని కొట్లాడింది. పాపం, అమ్మ మాటకు ఏ ఆఫీసులో విలువ ఉంటుంది?

ఆ పరీక్ష నేనొక్కణ్ణే రాశాను, మామే సైకిల్ మీద దిగబెట్టాడు. నాకు నౌకరి వచ్చింది. ఆ వారమే తాత మిర్చి అమ్మడానికి వరంగల్ వచ్చి, మా ఇంట్లో అన్నం ముందు కూర్చొని, మరి నీదేమైందిరా అని కొడుకును అడిగాడు. మామ తల ఎత్తకుండా, "రాసిన నాయనా, కొట్టలేకపోయిన" అన్నాడు. నేను నోరు తెరవబోతే నా కాలు తొక్కిపట్టాడు. తరువాత దుకాణం వెనక్కి లాక్కుపోయి, "ఆయన చేతులతోనే ఇట్లయిందని తెలిస్తే ఇగ ఆ మనిషి బతుకుతడారా? అక్కతోని గూడ ఒట్టు వేయించుకున్న, చెప్పినవో నా మీద ఒట్టే" అన్నాడు.

తాత ఉన్నన్నాళ్లూ మామను దెప్పుతూనే ఉన్నాడు. పెండ్లిళ్లలో, పండుగలకు, నలుగురిలో కూర్చోబెట్టి, "అందరికన్న ముందు చెవి అందుకున్నవ్, నౌకరి మాత్రం అందుకోలేకపోతివి గదరా" అనేవాడు. మామ నవ్వేవాడు, అంతే. పరకాలలో ఎరువుల దుకాణంలో గుమస్తాగా కుదురుకొని, సాయంత్రాలు పొలం చూసుకుంటూ, మంచాన పడిన తాతకు చివరిదాకా స్నానం చేయించి, తల తుడిచి, ఆయన చేతులు తన చేతుల్లో పెట్టుకొని సాగనంపాడు. కొడుకు పరీక్షలో ఓడిపోయాడనుకుంటూనే తాత పోయాడు.

ఇంకొక పిచ్చి మాత్రం మామకు పట్టుకుంది. మా చుట్టాల్లో ఎవరింట పురుడు పోసుకున్నా, దవాఖాన నుండి తల్లీబిడ్డలు ఇల్లు చేరకముందే పోయి పుట్టుక సర్టిఫికెట్టు రాయించుకొని వచ్చేవాడు. "బిడ్డ ముఖమన్న చూస్తివా మామా?" అని కోడళ్లు ఆటపట్టిస్తే, "ముఖం యాడికి పోతది, తేదీనే పోయేది" అనేవాడు. పోయిన వానకాలంలో మామ కూడా పోయాడు. నేను పుట్టినప్పటి నుండి తోడున్న మనిషి, ఇప్పుడు ఎవరిని తలచుకున్నా ఆయనే ముందు గుర్తుకు వస్తాడు.

పరీక్ష అయిపోయి పిల్ల బయటికి వచ్చింది. ఎట్లా రాశావని అడిగాను. "లెక్కలు మంచిగ చేసిన మామా, ఇంగ్లీషే జర దెబ్బకొట్టింది. నువ్వేం ఫికర్ చెయ్యకు, నాకింక చానా ఏండ్లున్నయ్, మళ్లొచ్చేసారి సూడు" అని నవ్వింది. నేను ముఖం పక్కకు తిప్పుకొని ఆటో కోసం చూస్తున్నట్టు నిలబడ్డాను. దాని తేదీ కూడా వాళ్ల తాతే పోయి రాయించుకొచ్చాడు.

ఇప్పుడు పిల్లవాడు కెవ్వుమన్న గంటా నిమిషం కూడా దవాఖానలోనే రాసేస్తున్నారు, చెవి ముట్టుకోమనే పంతులూ లేడు, ముట్టుకోవాలనే పిల్లవాడూ లేడు. మంచిదే అయింది, ఆ పద్ధతి పోవలసిందే. అయితే తన బిడ్డ ఒక్క ఏడైనా ముందుగా పలక పట్టాలని తహతహలాడిన ఆ మొరటు అరచెయ్యి మీద ఈనాటికీ నాకు కోపం రాదు, మామకూ రాలేదు.

ఇంటికి వచ్చి, ఎవరూ చూడకుండా మంచం మీద కూర్చొని, కుడిచెయ్యి నెత్తి మీదుగా పోనిచ్చాను. భుజం పట్టేసింది, చెవి పైనే ఆగింది. తల జరంత వంచాను. అందింది.